రెండు రోజుల పట్నం ప్రయాణం

పల్లెటూరి ఆడవాళ్ళు పట్నం ఎందుకు పోతారు? ఒంట్లో బాగాలేకపోతే పెద్దాస్పత్రికి పోతారు. కూతురి కాన్పుకు పోతారు. పెళ్ళిబట్టలు కొనడానికి పోతారు. ఎప్పుడు పోయినా ఎవరో ఒకరి వెనక పోతారు. వాళ్ళు ఎక్కమన్న బస్సు ఎక్కుతారు. దిగమన్నచోట దిగుతారు. పని కాగానే తిరిగి వస్తారు. చార్మినార్ పక్కనుంచి పోయినా తలెత్తి చూసే తీరిక ఉండదు.

ఊరికే చూసి రావడానికి పట్నం పోకూడదా? నలుగురు ఆడవాళ్ళు కలిసి, నవ్వుకుంటూ తిరిగి రాకూడదా?

పోవచ్చు. కానీ ఆ మాట అనగానే ఇంట్లో ఇంకో మాట వినిపిస్తుంది. "పట్నంల నీకేం తెలుస్తది? తప్పిపోతవ్. ఎవడో మోసం చేస్తడు. పట్నపోళ్ళు మన ఊరోళ్ళ లెక్క కాదు. పలకరియ్యరు."

ఈ మాటలో కొంత నిజం ఉంది. కొంత భయం ఉంది. ఏది నిజమో ఏది భయమో విడదీసి చూడాలి.

పట్నం వాళ్ళు పలకరించరా?

ఊళ్ళో ఒక మనిషి ఎదురైతే పలకరిస్తాం. "ఎటు పోతున్నవ్ వదినా?" "పిల్ల ఎట్లున్నది?" అని అడుగుతాం. ఎందుకంటే ఆ మనిషి మనకు తెలుసు. ఆమె అత్తగారు తెలుసు. పుట్టినూరు తెలుసు.

హైదరాబాదులో కోటిమందికి తక్కువ ఉండరు. అక్కడ ఒక మనిషి పొద్దున బయలుదేరి పనికి చేరేలోపు వందల మొహాలు చూస్తాడు. అందరినీ పలకరిస్తే పనికి చేరలేడు. అందుకే తలవంచుకుని పోతాడు. అది పొగరు కాదు. తొందర.

ఇంకో సంగతి కూడా ఉంది. పట్నం వాళ్ళంటే ఎవరు? ఆటో నడిపే అతను ఏ పాలమూరు వైపు నుంచో వచ్చి ఉండవచ్చు. హోటల్లో ఇడ్లీ పెట్టే ఆమెది ఏ శ్రీకాకుళమో కావచ్చు. బట్టల దుకాణంలో కూర్చునే పిల్లది పక్క జిల్లా కావచ్చు. తాతల కాలం నుంచి పట్నంలోనే ఉన్నవాళ్ళు కొందరు. బతుకుదెరువుకు ఊళ్ళు విడిచి వచ్చినవాళ్ళు ఎందరో. వాళ్ళూ ఒకప్పుడు బస్టాండులో దిగి, ఎటు పోవాలో తెలియక నిలబడ్డవాళ్ళే.

కాబట్టి పట్నం వాళ్ళు తమంతట తాము పలకరించరు. కానీ అడిగితే చాలామంది చెప్తారు. ఊరికీ పట్నానికీ ఉన్న తేడా ఇదే. ఊళ్ళో మాట దానంతట అదే వస్తుంది. పట్నంలో మనం నోరు తెరవాలి.

వేసవిలో పట్నం రోడ్ల మీద చలివేంద్రాలు కనిపిస్తాయి. కుండలో చల్లటి నీళ్ళు ఉంటాయి. ఎవరు పెట్టారో తాగేవాళ్ళకు తెలియదు. ఎవరు తాగుతున్నారో పెట్టినవాళ్ళు అడగరు. పట్నం మంచితనం ఇట్లానే ఉంటుంది. పేరు అడగదు, దాహం తీరుస్తుంది.

ముందు సంఘంలో కూర్చోవాలి

ప్రయాణం బాగా సాగాలంటే ముందు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవాలి. నల్లగొండ వైపు ఒక పల్లె అనుకుందాం. అక్కడి సంఘంలో ఆరుగురు ఆడవాళ్ళు హైదరాబాదు పోవాలనుకున్నారు. నల్లగొండ నుంచి హైదరాబాదు సుమారు 100 కిలోమీటర్లు. రెండు రోజుల్లో పోయి రావచ్చు.

మొదట తేల్చుకోవాల్సింది, ఏ రోజు పోవాలి? సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. జంతుప్రదర్శనశాలకు సోమవారం సెలవు. ఇది తెలియక పోతే గేటు చూసి తిరిగి రావాలి. శనివారం, ఆదివారం పోతే రెండూ తెరిచి ఉంటాయి. కానీ ఆదివారం జనం ఎక్కువ. పిల్లలు వెంట ఉంటే ఆ సంగతి గుర్తుంచుకోవాలి.

రెండోది డబ్బు. ఒక్కొక్కరు నెలకు 200 రూపాయలు పక్కన పెడితే 6 నెలల్లో 1200 అవుతుంది. ఆరుగురివి కలిపితే 7200 రూపాయలు. అందులో 1200 రూపాయలు విడిగా ముడి వేసి ఉంచాలి. దాన్ని ముట్టుకోకూడదు. అది ఆపదకు. మిగిలిన 6000 రూపాయలు ఖర్చుకు. అంటే ఒక్కొక్కరికి రెండు రోజులకు 1000 రూపాయలు. ధరలు మారుతుంటాయి. అందుకని పోయేముందు తెలిసినవాళ్ళను అడిగి లెక్క సరిచూసుకోవాలి.

లెక్క కాగితం మీద రాయాలి. బస్సు, ఆటో, తిండి, పడక, చూసేచోట టికెట్లు, గాజులు. ప్రతిదాని ఎదురుగా ఎంత అనుకున్నారో రాయాలి. ఖర్చయ్యాక ఎంత అయిందో పక్కనే రాయాలి. ఈ పని చదువు వచ్చిన ఒక్కరే చేయనక్కరలేదు. తలా ఒకపూట రాయవచ్చు. డబ్బంతా ఒకరి దగ్గరే ఉండకూడదు. ముగ్గురి దగ్గర ఉంటే మంచిది.

మూడోది చీటీ. ప్రతి ఒక్కరి దగ్గర ఒక చీటీ ఉండాలి. దాని మీద తన పేరు, ఊరు, వెంట వచ్చినవాళ్ళ ఇద్దరి ఫోను నంబర్లు, రాత్రి ఉండే చోటు రాసి ఉండాలి. ఫోను పోయినా, చార్జింగు అయిపోయినా చీటీ ఉంటుంది. ఎవరి చీటీ వాళ్ళే రాసుకోవాలి. తన చేత్తో రాసిన నంబరు మనసులో నిలుస్తుంది.

బస్సులో

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తిస్తుంది. హైదరాబాదులో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు వర్తిస్తుంది. రాష్ట్రంలో ఉంటున్నట్టు గుర్తింపు కార్డు చూపాలి. కండక్టరు సున్నా టికెట్టు ఇస్తారు. డబ్బు లేదు కదా అని టికెట్టు తీసుకోకుండా ఉండకూడదు. సూపర్ లగ్జరీ వంటి బస్సులకు డబ్బు కట్టాలి. అందుకే ఎక్కేముందు బస్సు మీద ఏం రాసి ఉందో చదవాలి.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మెట్రో ఎక్స్‌ప్రెస్ అంటే బస్సు. మెట్రో రైలు వేరు. రైలుకు ఆడవాళ్ళయినా టికెట్టు కొనాలి.

నల్లగొండ బస్సు ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ దాటి మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ చేరుతుంది. దీన్ని ఇమ్లీబన్ అని కూడా అంటారు. మూసీ నది మధ్యలో ఉంటుంది. చాలా పెద్దది. దిగగానే గాబరా పడకూడదు. ఒకచోట కూర్చుని, నీళ్ళు తాగి, అందరూ దిగారో లేదో లెక్క చూసుకోవాలి. బోర్డులు చదవాలి. విచారణ అని రాసి ఉన్నచోట అడిగితే ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్తారు.

మొదటి రోజు

బస్టాండుకు దగ్గరలోనే సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. 1951లో తెరిచారు. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. మూడో సాలార్‌జంగ్ పోగుచేసిన వస్తువులు ఇందులో ఉన్నాయి. పాలరాతితో చెక్కిన ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. మొహం మీద పల్చటి ముసుగు. ఆ ముసుగూ రాయే. కానీ లోపలి మొహం కనబడుతున్నట్టే ఉంటుంది. ఇంకోచోట ఒక పెద్ద గడియారం ఉంది. గంట కొట్టే వేళకు చిన్న బొమ్మమనిషి బయటికి వచ్చి గంట కొట్టి పోతాడు. దాన్ని చూడడానికి అందరూ ముందుగానే వచ్చి కూర్చుంటారు. అక్కడ పల్లెవాళ్ళు, పట్నం వాళ్ళు అని తేడా లేదు. బొమ్మ రాగానే అందరూ చిన్నపిల్లలే.

అక్కడినుంచి చార్మినార్ కిలోమీటరు పైన ఉంటుంది. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా కట్టించాడు. చార్ అంటే నాలుగు. మీనార్ అంటే ఎత్తయిన స్తంభం. ఎత్తు సుమారు 56 మీటర్లు. పక్కనే లాడ్‌బజార్. ఇక్కడి లక్కగాజులు చాలా పేరున్నవి. గాజులు కొనేటప్పుడు ఒకే దుకాణంలో మొదటి ధరకే కొనకూడదు. రెండు మూడు దుకాణాలు చూడాలి. బేరం ఆడాలి. బేరం ఆడితే దుకాణదారుకు కోపం రాదు. అది అక్కడి అలవాటు.

పాతబస్తీలో ఉర్దూ ఎక్కువ మాట్లాడతారు. భాష రాదని భయపడనక్కరలేదు. చాలామందికి తెలుగు అర్థమవుతుంది. "కిధర్" అంటే ఎటు. "కిత్నా" అంటే ఎంత. "సీదా" అంటే నేరుగా. "బాజూ" అంటే పక్కన. సీదా, బాజూ తెలంగాణ పల్లెల్లోనూ ఉన్న మాటలే. మనం "అన్నా" అని పిలిస్తే వాళ్ళు "అమ్మా" అని పలుకుతారు.

సాయంత్రం హుస్సేన్‌సాగర్ కట్ట మీద కూర్చోవచ్చు. దాన్ని ట్యాంక్‌బండ్ అంటారు. నీళ్ళ మధ్యలో పెద్ద బుద్ధుడి విగ్రహం ఉంది. భువనగిరి దగ్గరి రాయగిరి రాతితో చెక్కినది. 1990లో పడవమీద తీసుకుపోతుంటే నీళ్ళలో మునిగిపోయింది. కొందరు చనిపోయారు. తరువాత పైకి తీసి 1992లో నిలబెట్టారు.

ఎవరిని అడగాలి? ఎట్లా అడగాలి?

పట్నంలో దారి అడగడం ఒక విద్య. రెండుసార్లు చేస్తే వస్తుంది.

ఒకేచోట ఉండి పనిచేసేవాళ్ళను అడగాలి. కండక్టరు, ట్రాఫిక్ పోలీసు, మందుల దుకాణం అతను, టీకొట్టు అతను, పూలమ్మే అవ్వ. వీళ్ళు రోజూ అక్కడే ఉంటారు. దారులు తెలుసు. అబద్ధం చెప్పి పారిపోయే అవసరం లేదు. బస్టాపులో బిడ్డనెత్తుకుని నిలబడ్డ ఆడమనిషిని అడిగితే తెలిసింది చెప్తుంది. తెలియకపోతే పక్కవాళ్ళను అడిగి చెప్తుంది.

అడిగే తీరు కూడా ముఖ్యం. చేయి చూపించి, "చార్మినార్‌కు ఇటే కదా?" అని అడగకూడదు. తొందరలో ఉన్న మనిషి వినకుండానే "ఆ, ఆ" అని పోతాడు. "చార్మినార్‌కు ఎటు పోవాలె అన్నా?" అని అడగాలి. అప్పుడు ఆ మనిషి ఆగి ఆలోచించి చెప్పాలి.

ఒకరు చెప్పగానే బయలుదేరకూడదు. కొంచెం ముందుకు పోయి ఇంకొకరిని అడగాలి. ఇద్దరూ ఒకటే చెప్తే పోవాలి. తేడా వస్తే మూడోవారిని అడగాలి. కొందరు తెలియదని చెప్పడం ఇష్టంలేక ఏదో ఒకటి చెప్తారు. వాళ్ళది చెడ్డ బుద్ధి కాదు. కానీ కాళ్ళు నొప్పి పుట్టేది మనకు.

చెప్పింది విన్న తరువాత చదివి చూడాలి. బస్సు మీద బోర్డు చదవాలి. వీధి పేరు చదవాలి. చదువు రాకముందు ఎవరు ఏది చెప్తే అదే నిజం. ఇప్పుడు అట్లా కాదు. చెప్పిన మాటను గోడమీద రాసిన మాటతో సరిచూసుకోవచ్చు. కొత్తగా చదువు నేర్చిన ఆడవాళ్ళకు పట్నంలో పెద్ద ధైర్యం ఇదే.

చెప్పినవాళ్ళకు "మంచిది అన్నా", "చల్లగుండు బిడ్డా" అని ఒక మాట అనాలి. ఆ మాట పట్నంలో వాళ్ళకు రోజూ దొరకదు.

అడగకుండా వచ్చేవాళ్ళు

మనం అడిగితే చెప్పేవాళ్ళు వేరు. అడగకుండానే వెంటబడేవాళ్ళు వేరు. బస్సు దిగగానే సంచి పట్టుకుని, "రండమ్మా, మంచి లాడ్జి చూపిస్తా" అంటే పోకూడదు. "చవకగా బంగారం" అన్నా, "మీకు లాటరీ తగిలింది" అన్నా వినకూడదు. ఇచ్చింది తినకూడదు, తాగకూడదు. గట్టిగా "వద్దు" అనాలి. మొహమాటం పడకూడదు. వద్దనడం అమర్యాద కాదు.

ఆటో ఎక్కేముందే ఎంతో మాట్లాడుకోవాలి. ఫోనులో ఆటో పిలిస్తే ఎంత కట్టాలో ముందే కనిపిస్తుంది. ఆరుగురూ ఒకే ఆటోలో ఇరుక్కోకూడదు. ముగ్గురు ఒక ఆటోలో, ముగ్గురు ఇంకో ఆటోలో ఎక్కాలి. ఒకరి ఆటో నంబరు ఇంకొకరు రాసుకోవాలి.

ఫోనుతో డబ్బు కట్టేటప్పుడు మన ఫోను మనచేతిలోనే ఉండాలి. "నువ్వే కొట్టు తమ్మీ" అని ఇవ్వకూడదు. రహస్య నంబరు ఎవరికీ చెప్పకూడదు. ఫోనుకు వచ్చిన ఓటీపీ కూడా చెప్పకూడదు. చుట్టం లెక్క మాట్లాడినా చెప్పకూడదు.

రాత్రి ఎక్కడ?

చుట్టాల ఇల్లు ఉంటే ముందుగానే చెప్పాలి. ఆరుగురు ఒక్కసారి పోతే చిన్న ఇంట్లో ఇబ్బంది. పట్నంలో చాలామందివి ఒకటి రెండు గదుల ఇళ్ళు. "ఉండండి" అని గట్టిగా అనకపోతే ప్రేమ లేదని కాదు. చోటు లేదు. ఇద్దరు అక్కడ, నలుగురు లాడ్జిలో ఉండవచ్చు.

లాడ్జిలో గుర్తింపు కార్డు అడుగుతారు. గది చూశాకే డబ్బు కట్టాలి. తలుపు గడియ సరిగా పడుతుందా? దీపం వెలుగుతుందా? నీళ్ళు వస్తున్నాయా? చూడాలి. రసీదు అడిగి తీసుకోవాలి. రసీదు మీద రాసింది, కట్టిన డబ్బు ఒకటేనా అని చదవాలి.

రెండో రోజు

పొద్దున్నే గోల్కొండ పోవాలి. ఎండ ముదిరితే మెట్లు ఎక్కడం కష్టం. కింద దర్వాజా దగ్గర నిలబడి చప్పట్లు కొడితే కొండపైన వినిపిస్తుంది. శత్రువులు వస్తే పైకి తెలియడానికి అట్లా కట్టారని చెప్తారు. భద్రాచలం రామదాసును ఉంచిన చెరసాల అని ఒక గదిని చూపిస్తారు. ఆషాఢంలో హైదరాబాదు బోనాలు ఈ కోటలోనే మొదలవుతాయి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కిందనే తోటలో కూర్చోవచ్చు. అందరూ అన్నీ ఎక్కాలని లేదు.

అక్కడినుంచి బిర్లామందిరం పోవచ్చు. తెల్లటి పాలరాతి గుడి, గుట్టమీద ఉంటుంది. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు. మధ్యాహ్నం కాసేపు మూస్తారు. ఆ వేళ చూసుకుని పోవాలి.

తిరుగు ప్రయాణంలో మెట్రో రైలు ఎక్కవచ్చు. ఈ రైలు 2017 నవంబరులో మొదలైంది. దారులకు రంగుల పేర్లున్నాయి. లక్డీకాపూల్ స్టేషన్లో ఎరుపు దారి రైలు ఎక్కితే నేరుగా ఎల్.బి.నగర్‌లో దిగవచ్చు. అక్కడ నల్లగొండ బస్సు దొరుకుతుంది. స్టేషన్ల పేర్లు తెలుగులో రాసి ఉంటాయి. ఒక్కో స్టేషనూ చదువుకుంటూ పోవచ్చు.

స్టేషన్లో కదిలే మెట్లుంటాయి. చూస్తే భయం వేస్తుంది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి పట్టుకోవాలి. పక్కనున్న పట్టీ పట్టుకుని కుడికాలు ముందు వేయాలి. భయమైతే పక్కనున్న ఆడపిల్లను "బిడ్డా, చెయ్యి పట్టు" అని అడగాలి. చెవిలో పాటలు వింటూ పోయే పిల్ల కూడా ఆగి చెయ్యి ఇస్తుంది. వద్దనుకుంటే లిఫ్టు ఉంది, మామూలు మెట్లూ ఉన్నాయి.

తప్పిపోతే?

ప్రతిచోటా లోపలికి పోయేముందు, "తప్పిపోతే ఇక్కడికే రావాలి" అని ఒక గుర్తు పెట్టుకోవాలి. టికెట్లు ఇచ్చేచోటు మంచి గుర్తు. తప్పిపోయినవాళ్ళు తిరగకూడదు. గుర్తు దగ్గరికి వచ్చి నిలబడాలి. లేదా చీటీ తీసి ఫోను చేయాలి.

ఆపద వస్తే 112కు ఫోను చేయాలి. ఆడవాళ్ళ సహాయానికి 181 ఉంది. రైల్లో అయితే 139. ఎవరైనా వెంటబడి వేధిస్తే షీ టీమ్స్ పోలీసులు వస్తారు. వీటిని హైదరాబాదులో 2014లో మొదలుపెట్టారు. నోరుమూసుకుని భరించకూడదు. గట్టిగా అరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఆగుతారు.

చింతచెట్టు చెప్పే మాట

బస్టాండుకు దగ్గరలో, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి ఉంది. దాని ఆవరణలో ఒక చింతచెట్టు గురించి పట్నం వాళ్ళు చెప్పుకుంటారు. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చింది. వేలమంది చనిపోయారు. ఆ చెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు. ఆ కొమ్మల మీద నీ కులమేది, నీ ఊరేది అని ఎవరూ అడిగి ఉండరు. పక్కకు జరిగి చోటిచ్చి ఉంటారు.

పట్నం కూడా అట్లాంటిదే. ఇరుకుగా ఉంటుంది. ఎవరి తొందర వాళ్ళది. కానీ "కొంచెం జరుగమ్మా" అంటే జరుగుతారు. అనకపోతే మనం నిలబడే ఉంటాం.

ఆరుగురు ఆడవాళ్ళు రెండు రోజులు తిరిగి, లెక్క రాసుకుని, గాజులు కొనుక్కుని ఇల్లు చేరితే ఊళ్ళో ఒక మార్పు వస్తుంది. ఆ తరువాత ఆస్పత్రికి పోవాల్సి వచ్చినా, కూతురిని కాలేజీలో చేర్పించాల్సి వచ్చినా, "ఎవరన్నా తోలుకపోతే బాగుండు" అని ఎదురుచూడరు. దారి వాళ్ళకు తెలుసు. తెలియకపోతే అడగడం తెలుసు.

గుర్తుంచుకోండి

ఎటు అని అడగాలి, ఇటేనా అని కాదు.
ఇద్దరిని అడగాలి. బోర్డు చదివి సరిచూసుకోవాలి.
అడగకుండా వెంటబడేవాళ్ళకు వద్దని చెప్పాలి.
చీటీ, గుర్తింపు కార్డు, ఆపద డబ్బు విడిగా ఉంచుకోవాలి.

సంఘంలో మాట్లాడుకోండి

మీ ఊరికి కొత్త మనిషి వచ్చి దారి అడిగితే మీరు ఎట్లా చెప్తారు?
మీలో ఎవరైనా పట్నంలో తప్పిపోయారా? అప్పుడు ఎవరు సాయం చేశారు?
మీ సంఘం పట్నం పోవాలంటే ఒక్కొక్కరు నెలకు ఎంత పక్కన పెట్టాలి? ఎన్ని నెలలు? లెక్క వేసి రాయండి.
మీ చీటీ మీరే రాయండి.